పొద్దు దించే పని

పెట్టె అడుగున ముందు మడతపెట్టిన గోనెసంచి, దాని మీద రబ్బరు చెప్పుల జత, చెప్పుల పక్కన నల్లటేపు చుట్టలు, ఆ పైన వైర్లు, వైర్ల నడిమి గుంటలో బల్బులు, ఒక్కో బల్బుకీ ఒక పాతగుడ్డ. ఇదంతా సక్రి చేతులకు కంఠతా వచ్చు. ఆమెను అడక్కుండానే అవి సర్దుకుపోతున్నాయి. ఇరవై రెండేళ్ళుగా దీపావళి వెళ్ళిన పది పదిహేను రోజులకు ఆమె ఈ ఆకుపచ్చ ఇనప్పెట్టె సర్దుతూనే ఉంది. నాటకాల కంపెనీ లారీ పాల్వంచ దాటి వచ్చి తండా మలుపు దగ్గర హారన్ కొట్టేది. కంపెనీకి లైట్లు చూసే ఆమె మొగుడు ధన్‌సింగ్ ఈ పెట్టెను భుజానికెత్తుకుని పోయేవాడు. మళ్ళీ అడవిలో ఇప్పపూలు రాలడం అయిపోయాక గానీ ఇంటి మొహం చూసేవాడు కాదు. ఈసారీ లారీ వస్తుంది. నాలుగింటికని కబురు. గోడ నీడ ఇప్పుడే పొయ్యిరాళ్ళను తాకింది కాబట్టి ఇంకో గంట ఉంటుంది. పెట్టె అదే, వైర్లు అవే, బల్బులు అవే. లారీ ఎక్కేది మాత్రం ధన్‌సింగ్ కాదు, సక్రి.

"టెస్టరు పెట్టినవా?" అన్నాడు ధన్‌సింగ్, బయట పందిరి కింద నులకమంచం మీది నుంచి. పెట్టిన, అంది. "కటింగ్ ప్లేరు?" అదీ పెట్టిన. "ఫ్యూజు వైరు?" అన్నీ పెట్టిన, నువ్వు పండు, అంది నవ్వు ఆపుకుంటూ. ఇన్నేళ్ళలో ఈ పెట్టెలో ఏది ఎక్కడుంటుందో ఆయన ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. మధిర నుంచో సత్తుపల్లి నుంచో ఎవరిచేతనో కార్డు రాయించేవాడు, ఫ్యూజు వైరు ఎక్కడ పెట్టినవ్, దొరుకుతలేదు అని. ఆ కార్డు తండాకు చేరేసరికి కంపెనీ రెండు ఊళ్ళు మారి ఉండేది. కార్డు చదివి పెట్టే సర్కారు బడి పంతులు నవ్వేవాడు. అలాంటి మనిషి పొద్దున్నుంచి మంచం మీద కూచుని ఒక్కో సామాను పేరు పిలుస్తున్నాడు, బడిలో హాజరు పిలిచినట్టు. పిలిస్తే పిలవనీ. ఆ పేర్లతో పాటు ఆయన కూడా ఈ పెట్టెలో ఒక మూల కూచుంటున్నాడేమో. అంత పెద్ద మనిషికి చోటు చేయాలంటే వైర్లు ఇంకాస్త బిగించి చుట్టాలి. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు మళ్ళీ నవ్వొచ్చింది, వెంటనే కొంచెం భయం కూడా వేసింది. ఎందుకంటే ఇన్ని అడుగుతున్నాడు గానీ అడగాల్సిన మాటేదో అడగడం లేదు. కంపెనీ యజమాని ఎదుట ఆయన ‘పో’ అన్నాడు, నిజమే. ‘పో’ అనే మాటను పది రకాలుగా అనొచ్చు. మేకను పో అంటాం, చుట్టాన్ని పోయిరా అంటాం, కోపమొస్తే పో అనే అంటాం. ఆయన అన్నది ఎందులోకి వస్తుందో వారం రోజులుగా ఆమెకు తేలలేదు.

ఇక జాడీలు. నాలుగు జాడీలు, ఊరగాయ పెట్టుకునే పింగాణీ జాడీలే. వీటి సంగతి మొదటిసారి విన్నప్పుడు ఆమె నమ్మలేదు. స్విచ్చి నొక్కితే దీపం వెలుగుతుంది, ఎత్తితే ఆరుతుంది, ఆ సంగతి తండాకు కరెంటు వచ్చిన నాడే పిల్లలకు కూడా తెలిసింది. కానీ నాటకంలో దీపం ఠక్కున ఆరితే కుదరదట. పొద్దు గూకినట్టు, మనిషి కళ్ళు మూతలు పడ్డట్టు మెల్లగా తగ్గాలట. దానికి జాడీలో ఉప్పునీళ్ళు పోసి, అడుగున ఒక సీసపు రేకు పెట్టి, ఇంకో రేకును పైనుంచి తాడుకు వేలాడదీస్తారు. కరెంటు ఆ నీళ్ళలోంచి నడిచి బల్బుకు పోవాలి. రేకులు రెండూ దగ్గరైతే బల్బు భగభగమంటుంది. తాడు లాగి పై రేకును దూరం జరిపితే నీళ్ళలో కరెంటుకు నడక ఎక్కువై అలిసిపోతుంది, బల్బు ఎర్రబడి, మసకబడి, ఆరిపోతుంది. ధన్‌సింగ్ దీన్ని బెజవాడలో ఒక ముసలి లైటుమనిషి దగ్గర నేర్చుకున్నాడు. నేర్చుకుని వచ్చిన ఏడాదే ఇంట్లో మామిడికాయ పచ్చడి జాడీని అడగకుండా కడిగి పట్టుకుపోయాడు. కడగడం ఆయనకు ఏం వచ్చు, ఆ ఏడాదంతా రాణి అడవిలో ఏడ్చే సీను వచ్చినప్పుడల్లా నీళ్ళు వేడెక్కి స్టేజి మీద ఆవకాయ వాసన. రాణి వేషం వేసే సుబ్బరత్నమ్మ ఆ సంగతి ఇప్పటికీ చెబుతుంది, ఏడుపు మొహం పెట్టుకుని నిలబడితే నోట్లో నీళ్ళూరేవి తల్లీ, అని. వీళ్ళ కూతురు ద్వాలి అయిదేళ్ళప్పుడు తండా అంతా తిరిగి చెప్పేది, మా నాయిన చీకటిని జాడీలో పెట్టుకుని పోయిండు అని. ఇప్పుడు ద్వాలికే ఇద్దరు పిల్లలు, ఇల్లందు దగ్గర మెట్టిన తండాలో ఉంది. బుట్టలో జాడీ జాడీకి మధ్య ఎండుగడ్డి కూరుతూ, రేపు దుమ్ముగూడెంలో నీళ్ళు ఎలాంటివో, గోదారి నీళ్ళయితే ఉప్పు గుప్పెడు చాలు, బోరునీళ్ళయితే అసలు ఉప్పే అక్కర్లేకపోవచ్చు, రుచి చూసి గానీ చెప్పలేం, అనుకుంది. అనుకుని చేతులు ఆపింది. ఇలాంటివి తను ఎప్పటి నుంచి అనుకోవడం మొదలుపెట్టింది?

పోయిన ఏడాది నుంచే. అంతకు ముందే ధన్‌సింగ్ కళ్ళు మొరాయించాయి. ఇరవై ఏళ్ళు దీపాల వంక చూసిన కళ్ళు. ముందు ఎడమది పోయింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు, ఇది ఆలస్యమయింది గాని కుడిది కాపాడుకుందాం అన్నాడు. కాపాడాడు కూడా. కుడికంటితో దారి కనిపిస్తుంది, మేక కనిపిస్తుంది, మనిషి ఎవరో కనిపిస్తుంది. కనిపించనిది ఒక్కటే. వెలుగు ఉందని తెలుస్తుంది, లేదని తెలుస్తుంది, వెలుగు తగ్గడం తెలియదు. లోకంలో ఏ పని చేసుకునేవాడికైనా ఆ కన్ను సరిపోయేది. ధన్‌సింగ్ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ద్వాలి పెళ్ళయిపోయింది కదా, ఇంట్లో ఒక్కదానివీ ఏం జేస్తవ్, వైర్లు ఎక్కియ్యనీకి చెయ్యాసరాకు రా, అని ఆమెను లారీ ఎక్కించాడు. ఆమె వెళ్ళి పక్కతెర వెనక, ఆయన వెనక, బోర్లించిన బకెట్టు మీద కూచునేది. మణుగూరులో నాలుగో ఆట. అడవిలో పొద్దు గూకే సీను. అడవిపాలైన రాణి పాట ఎత్తుకుంది, ఆయన తాళ్ళు లాగాడు, లాగి సగంలో ఆపేశాడు, అయిపోయిందనుకున్నాడు. స్టేజి మీద ఇంకా సగం పగలు. చీకట్లో వచ్చి రాణిని ఎత్తుకుపోవాల్సిన దొంగలు ఆ వెలుతుర్లో అడుగు ముందుకేయలేక చెట్ల అట్టల వెనక నిలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. సక్రి లేచింది. ఆయన చేతుల మీద తన చేతులు వేసి తాళ్ళు మెల్లగా లాగింది, బావిలోంచి నిండుచెంబు చేదినట్టు, ఒలకకుండా. చీకటి పడింది. దొంగలు వచ్చారు. ఆయన వెనక్కి తిరగలేదు. మరుసటి రోజు నుంచి ముందు ఆయన నిలబడేవాడు, తాళ్ళు ఆమె పట్టుకునేది. నాలుగు నెలలు, పదకొండు ఊళ్ళు. కంపెనీలో ఎవరికీ తెలియదనే ఇద్దరూ అనుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేదేమో. కానీ ఆమె ఆగలేదు. సక్రి పుట్టింది అడవి అంచున, పెరిగింది మేకల వెనక. పొద్దు గూకేటప్పుడు అడవిలో ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊళ్ళో వాళ్ళు చీకటి ఆకాశం నుంచి దిగుతుందనుకుంటారు. అడవిలో చీకటి నేలలోంచి లేస్తుంది. ముందు గడ్డి నల్లబడుతుంది, మేక కాళ్ళు కనిపించవు, కాళ్ళు లేని మేకలు గాలిలో నడిచొస్తున్నట్టుంటాయి. తర్వాత మోకాళ్ళ దాకా, తర్వాత నడుం దాకా చీకటి ఎక్కుతుంది. మద్దిచెట్టు చిటారుకొమ్మ మీద మాత్రం ఎండ ఇంకా ఉంటుంది, మర్చిపోయి వదిలేసిన గుడ్డముక్కలాగా. అది చూసుకునే చిన్నప్పుడు ధైర్యం తెచ్చుకునేది, ఇంకా పొద్దుంది, ఇల్లు చేరతాను అని. ధన్‌సింగ్ నాటకంలో పొద్దు పైనుంచి గూకేది. పై దీపం ముందు దించి, స్టేజి అంచున నేల మీదుండే దీపాలు చివర్న దించేవాడు, రాణి మొహం జనానికి కడదాకా కనిపించాలని. ఒకనాడు, ఏ ఊరో కూడా గుర్తు లేదు, ఆమె చేతులు మాట వినలేదు. నేల దీపాలు ముందు దించాయి. రాణి పాదాలు చీకట్లో మునిగాయి, చీర కుచ్చిళ్ళు మునిగాయి, ఆమె పాడుతూనే ఉంది, చివరికి నుదురూ, జడలోని పూలూ మాత్రం వెలుతురులో మిగిలాయి. జనంలో ఒక్క దగ్గు వినపడలేదు. చంటిపిల్లలు కూడా చప్పుడు చేయలేదు. ఆ నిశ్శబ్దం ఆమె వీపు మీద చల్లటి నీళ్ళలా పారింది. ఎదురుగా నిలబడ్డ ధన్‌సింగ్ మెడ కొంచెం వంగింది. ఆయనకు కనిపించలేదు, వినిపించింది.

ఆట అయ్యాక సుబ్బరత్నమ్మ కిరీటం తీసి చేత పట్టుకుని, రంగు తుడుచుకోకుండానే పక్కతెర వెనక్కి వచ్చింది. ఆమె సక్రి కన్నా పదేళ్ళు పెద్ద, మధిర వైపు మనిషి, ఏ మాటైనా మెత్తగానే అడుగుతుంది.

"ఇది ధన్‌సింగ్ పొద్దు కాదు," అంది. "ధన్‌సింగ్ దీపం నా మీద నుంచి జారిపోయేది. ఇది నా దగ్గర కాసేపు ఆగి, చెప్పి వెళ్ళింది. ఎవరిదమ్మా ఈ చెయ్యి?"

ధన్‌సింగ్ వైరు చుడుతూ తలెత్తకుండా, "నాదేనమ్మా," అన్నాడు. సుబ్బరత్నమ్మ సక్రి చేతుల వంక చూసింది, తాడు ఒరుసుకుని ఎర్రబడ్డ అరచేతుల వంక. ఆ అబద్ధం సక్రికి కోపం తెప్పించలేదు. ఆమెను నొప్పించింది వేరే సంగతి, ఆయన ఆ వైరును అవసరం లేకున్నా విప్పి మళ్ళీ చుట్టడం.

పోయిన సోమవారం కంపెనీ యజమాని బసవపున్నయ్య స్వయంగా వచ్చాడు, పాల్వంచ నుంచి జీపు మాట్లాడుకుని. ఇదే పందిరి కింద, ఇదే మంచం మీద కూచుని మజ్జిగ తాగాడు. నల్ల కోటు, జేబు రుమాలు, అరవై దాటినా వేషగాడి గొంతు. సీజను మొదలవుతోందన్నాడు, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, గోదారి ఒడ్డు పొడుగునా ఆటలన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఏమయ్యా ధన్‌సింగూ, పోయినేడు సగం నుంచి నా కంపెనీలో పొద్దు ఎవరు దించుతున్నారు?" అన్నాడు. అయిపోయింది, ఇద్దరికీ అయిపోయింది అనుకుంది సక్రి. ధన్‌సింగ్ ఆ ఖాళీ గ్లాసును తీసి గోడ వారకు పెట్టాడు. అవతల మేకపిల్ల ఒకటి నీళ్ళతొట్టిలో మూతి పెట్టి తుమ్మింది. అప్పుడు అన్నాడు, "నా ఇంటామె దించుతున్నది అయ్యా. నాకు కండ్లు సాల్తలేవు." బసవపున్నయ్య తల ఊపాడు, తెలిసిన సంగతిని సాక్షి నోట విన్నవాడిలాగా. "సుబ్బరత్నం నాకు ఎండాకాలంలోనే చెప్పింది. నీ నోటితో నువ్వు చెప్తావా లేదా అని ఆగాను. సక్రమ్మా, ఈ యేడాది నువ్వు రావాలి. సాయానికి కాదు. పనికి." ఆమె మొగుడి వంక చూసింది. ఆయన దూరంగా గుట్ట వైపు చూస్తున్నాడు. "నేను రాను," అన్నాడు మెల్లగా. "ఇద్దరం వస్తే జనం నన్నే లైటుమనిషి అంటరు. పని ఆమెది, పేరు నాది, అది మంచిగుండదు. మేకలను జూసుకుంట ఇంటికాడ ఉంట." ఆమె వైపు తిరిగి ఒక్క మాట, "పో." అంతే.

ఆ మాట పట్టుకునే వారం గడిచింది. ఈ వారంలో మరిది పెళ్ళాం బావి దగ్గర అననే అంది, మొగుడు ఇంట్ల, పెండ్లాం నాటకాలల్ల, గిదేం కాలమొచ్చిందే అక్కా అని. అని మళ్ళీ తనే, బావకు పొద్దుమాపు రొట్టె నేనే ఇస్త, నువ్వు ఫికరు చెయ్యకు, అంది. మనుషులు అలాగే ఉంటారు, ఒక చేత్తో గిచ్చి ఇంకో చేత్తో రొట్టె పెడతారు. సక్రికి ఆ మాట తగల్లేదు. అసలు ఈ మధ్య ఏదీ తగలడం లేదు, అదే ఆమెకు వింతగా ఉంది. ఇల్లు విడిచిపోతుంటే ఏడుపు రావాలి కదా, పెళ్ళయి వచ్చేటప్పుడు తల్లి మెడ పట్టుకుని తండా దద్దరిల్లేటట్టు ఏడ్చింది కదా. ఇప్పుడు నలభై నాలుగేళ్ళు వచ్చాక, లోపల ఎక్కడో కుండలో నీళ్ళు కాగుతున్నట్టు సన్నటి చప్పుడు, అది సంతోషమేనని ఒప్పుకోవడానికి సిగ్గు. పెట్టె నిండింది. పక్కన తన గుడ్డసంచి ఖాళీగా పడుంది. ఇరవై రెండేళ్ళు ఆయన సామాన్లు సర్దిన మనిషికి తనకేం కావాలో తోచడం లేదు. నీకేం కావాలి సక్రీ, అని ఎవరైనా ఎప్పుడైనా అడిగారా, అడిగి ఉంటే ఏం చెప్పేది? అద్దాల రవిక తీసి మడతపెట్టి మళ్ళీ బయట పెట్టింది. పోయినేడు ఆ అద్దాలతోనే గొడవ, తెర వెనక తను కదిలినప్పుడల్లా చిన్న చిన్న వెలుగుచుక్కలు రాజుగారి కోట గోడల మీద మిడతల్లా ఎగిరేవి. సుబ్బరత్నమ్మ నల్లచీర ఇచ్చి కట్టడం నేర్పింది. ఆ చీర సంచిలో పెట్టింది. ఒక దువ్వెన. రెండు దుప్పట్లు. పాదాలకు రాసుకునే ఇప్పనూనె, రాత్రిళ్ళు నిలబడితే మడమలు పగులుతాయి. అద్దాల రవిక మళ్ళీ తీసుకుని సంచిలో పెట్టేసింది. ఆట లేని రోజు వేసుకోవచ్చు. ఆట లేని రోజు తను ఎవరికోసం ముస్తాబవుతుంది? ఎవరికోసమూ కాదు. ఊరు చూడ్డానికి. చర్ల చూడలేదు తను, వెంకటాపురం చూడలేదు.

"సక్రీ." గడప దగ్గర ధన్‌సింగ్. ఎప్పుడు లేచి వచ్చాడో. "రెండు జాడీలు బయటికి తియ్."

"కట్టేసిన. లారీ వచ్చే యాళ్ళయింది."

"రానీ. రెండు జాడీలు తియ్. రెండు పెద్ద బల్బులు తియ్. నాకు పొద్దు సూపియ్."

ఏం చూస్తావు నువ్వు, అనబోయి నాలిక కరుచుకుంది. గడ్డి లాగి జాడీలు తీసింది. నీళ్ళు పోసింది, ఉప్పు వేసింది, వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని ఇంకో చిటికెడు వేసింది. ఒక బల్బును నేల మీద ఇటుకల మధ్య నిలబెట్టింది, ఇంకోదాన్ని దూలానికి వేలాడదీసింది. ఆయన తలుపులు మూసి కిటికీకి గొంగడి కప్పాడు. రబ్బరు చెప్పులు వేసుకో అన్నాడు. పెట్టె అడుగు నుంచి లాగి వేసుకుంది. ఫ్యూజు పోతదేమో అంది. పోతే పోనీ అన్నాడు. పోయి రెండు బల్బులకూ నడుమ, పీట మీద, కాళ్ళు చాపుకుని కూచుని కళ్ళు రెండూ మూసుకున్నాడు. అప్పుడు అర్థమైంది ఆమెకు. తాళ్ళు వదిలింది. రేకులు దగ్గరయ్యాయి, జాడీల్లో నీళ్ళు సన్నగా గొణిగాయి, ఆ చిన్న గది మునుపెన్నడూ ఎరగనంత వెలుతురుతో నిండిపోయింది. గోడ మీద గీసిన నెమళ్ళు, ద్వాలి ఎత్తు కొలిచిన బొగ్గుగీతలు, గుంజకు తగిలించిన కొడవలి, నెరిసిన ఆయన మీసాలు, అన్నీ. మొదలుపెట్టనా అంది. అవ్ అన్నాడు.

నేల దీపం తాడు లాగింది. తొందర పడకూడదు. ఈ గంటంతా తొందర పడింది, ఇక్కడ పడకూడదు. రాణి పాట లోపల పాడుకుంది, మొదటి చరణానికి ఒక వేలెడు, రెండో చరణానికి ఇంకో వేలెడు. ధన్‌సింగ్ పెదవులు కదిలాయి. "కాళ్ళకు సల్లబడ్తున్నది," అన్నాడు. ఆమె లాగింది. "మోకాళ్ళకొచ్చింది." కింద దీపం ఎర్రటి తీగయి, ఆ తీగ కూడా పోయింది. పై దీపం తాడు పట్టుకుంది. "నెత్తి మీద ఉన్నది," అన్నాడు, "ఉన్నది... ఇంకా ఉన్నది..." ఆయన మొహం పైకెత్తాడు, చలికాలం పొద్దున ఎండకు మొహం పట్టినట్టు. "ఉన్నది సక్రీ. ఎట్ల ఆపినవే దాన్ని అక్కడ... పోతున్నది... పోయింది." చీకటి. జాడీల్లో నీళ్ళు కూడా మాట్లాడ్డం మానేశాయి. చీకట్లో ఇద్దరి ఊపిరి.

"నేను పై దీపం ముందు దించేటోణ్ణి," అన్నాడు ధన్‌సింగ్. "ఇరవై ఏండ్లు తప్పు దించిన. నేనూ గీ అడవిలనే పుట్టిన గదా, నాకెందుకు కనపడలే?"

"తప్పేముంది? నువ్వు బెజవాడల నేర్చుకున్నవ్. అది బెజవాడ పొద్దు. అక్కడ గట్లనే గూకుతదేమో."

పీట కిర్రుమంది, ఆయన నవ్వుతున్నాడు, భుజాలు ఊగేటట్టు, కళ్ళు పోయాక మొదటిసారి. బెజవాడ పొద్దట, బెజవాడ పొద్దట అని తనలో తను అనుకుంటూ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. కిటికీ గొంగడి తీసేసరికి ఇద్దరి కళ్ళూ తడిగా ఉన్నాయి, పగటి వెలుతురు వల్ల అని ఇద్దరూ తుడుచుకున్నారు. ఆయన ఒక జాడీ ఎత్తి నీళ్ళు పారబోసి, లోపల చెయ్యిపెట్టి గుడ్డతో తుడిచాడు. రెండోది కూడా. తడి లేకుండా, మూల మూలలా. ఆ చేతులను చూస్తూ కూచుంది ఆమె. సోమవారం నాటి ‘పో’ ఏ రకందో ఇక ఆలోచించాల్సిన పని లేదని తెలిసింది, వారం రోజులుగా మోస్తున్న బిందె దించినట్టయింది.

బల్బులు, జాడీలు మళ్ళీ సర్దేసరికి మలుపు దగ్గర హారన్ మోగింది, మూడుసార్లు. పెట్టె ఆమె ఎత్తబోతే ఆయన ఎత్తుకున్నాడు. జాడీల బుట్ట ఆమె నెత్తిన పెట్టుకుంది, సంచి చంకన తగిలించుకుంది. మరిది, మరిది పెళ్ళాం, నలుగురు ముసలమ్మలు, రెండు కుక్కలు వెంట వచ్చారు. లారీ నిండా తెరలు చుట్టిన గడలు, రేకుపెట్టెలు, వాటి మధ్య సింహాసనం కాళ్ళు పైకి పెట్టుకుని పడుకుంది. క్యాబిన్‌లోంచి సుబ్బరత్నమ్మ తల బయటపెట్టి, "రావమ్మా, నా పక్కన చోటు ఉంచాను," అంది. బసవపున్నయ్య దిగి వచ్చి ధన్‌సింగ్ భుజం మీద చెయ్యేశాడు. ధన్‌సింగ్ ఆయనకు అప్పగింతల్లాగా చెప్పుకొచ్చాడు, ఆమెకు ఆట ముందరే అన్నం పెట్టాలె అయ్యా, ఆట అయినంక తినదు. గాలి వస్తే నేల దీపాలకు తట్టలు అడ్డం పెట్టిచ్చుండ్రి. ఆమె తాళ్ళకాడ ఉన్నప్పుడు ఎవ్వలూ పిలవొద్దు. అన్నిటికీ బసవపున్నయ్య సరే అన్నాడు. ఇక ఆమె వైపు తిరిగి, "మూడో ఆటకు వస్త," అన్నాడు ధన్‌సింగ్. "సారపాక దాక బస్సుంది, అటెన్క ఏదో ఒకటి దొరుకుతది. ముందు వరుసల కూసుంట. నాకేం కనపడకున్నా, జనం సప్పుడు ఇంట."

"మేకలు?"

"మేకలకు టికెట్టు తియ్య. ఎక్కు ఇగ, జల్దీ."

లారీ కదిలాక సక్రి కాసేపు ఏమీ ఆలోచించలేదు. ఒళ్ళో సంచి, కాళ్ళ దగ్గర జాడీల బుట్ట, పక్కన సుబ్బరత్నమ్మ తమలపాకుల వాసన. రోడ్డుకు రెండు పక్కలా చెట్లు వెనక్కి పోతున్నాయి. తనే వాటిని వదిలి పోతోందని మనసు ఒప్పుకోవడానికి కొంచెం టైము పట్టింది. సారపాకలో మిల్లు ముందు వెదురు లారీలు బారులు తీరి ఉంటే డ్రైవరు ఆపి టీ తాగాడు, షిఫ్టు దిగిన వాళ్ళు సైకిళ్ళ మీద పోతూ సింహాసనం కాళ్ళను చూసి కేకలేశారు, ఏం నాటకం, ఏ ఊళ్ళో అని. దుమ్ముగూడెం, రాండ్రి రాండ్రి, అని లారీలో సామాన్ల మీద కూచున్న బసవపున్నయ్య పైనుంచి రాజుగారి గొంతుతో పిలిచాడు. మళ్ళీ బయల్దేరేసరికి ఎండ పసుపై, నారింజై, వంతెన ఎక్కేసరికి ఎర్రబడింది. గోదారి ఎడం పక్కన తెరుచుకుంది. ఎదురుగా వెదురు లారీల బారు అడ్డం రావడంతో వీళ్ళ లారీ ఆగి ఆగి పాకుతోంది. ఈ వంతెన మీద ఆమె ఎన్నో సార్లు పోయింది, భద్రాచలం సంతకు, జాతరకు, ద్వాలికి పట్టీలు కొనడానికి, ఎప్పుడూ నెత్తిన మూటనో చంకన పిల్లనో చూసుకుంటూ. ఇలా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడలేదు. పొద్దు అవతలి అడవి వెనక్కి దిగింది. ఒడ్డున చెట్లు నల్లబడ్డాయి, ఇసుకతిన్నె బూడిదయింది, ఆకాశం కూడా మసకేసింది, అయినా నీళ్ళు ఆరలేదు. అన్నీ చీకటయ్యాక కూడా గోదారి మాత్రం తనలోంచే వెలుగుతున్నట్టు తళతళమంటోంది, ఒక పడవవాడి నల్లటి ఒళ్ళు ఆ వెలుతురు మీద గీత గీసినట్టు కనిపిస్తోంది. అంటే ఇక్కడ నేలదీ కాదు, పైదీ కాదు, నడిమిది ఆఖరున దించాలి. నీలం కాయితం వేసి, వెనక నుంచి వెయ్యాలి, జాడీలో ఉప్పు తక్కువ.

"అమ్మా," అంది సక్రి, "మన నాటకాలల్ల ఏటి సీను ఉన్నదా?"

సుబ్బరత్నమ్మ ఆకు నములుతూ ఆలోచించింది. "అడవుంది, కోటుంది, శ్మశానముంది. ఏరు లేదే. ఎందుకూ?"

సక్రి చేత్తో చూపించింది. సుబ్బరత్నమ్మ వంగి, సక్రి భుజం మీదుగా కిటికీలోంచి చూసింది. నమలడం ఆపేసింది. వంతెన సగం దాటేదాకా అలాగే చూసి, తర్వాత వెనక్కి చెయ్యి చాపి క్యాబిను రేకు మీద గాజుల చేత్తో దబదబా బాదింది.

"ఏమండీ బసవపున్నయ్య గారూ! వినపడుతోందా? రాణిగారు ఏరు దాటాలి! ఒక పాట రాయించండి!"

పైనుంచి గాలిలో కొట్టుకుపోతూ ఆయన గొంతు వచ్చింది, ఏంటీ, ఏంటీ అని. సుబ్బరత్నమ్మ మళ్ళీ అరిచింది. సక్రి కిటికీలోంచి తల తిప్పలేదు. నీళ్ళ మీద వెలుతురు ఎంతసేపు ఉంటుందో, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది.